పటం మీద దూరం: ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతంలో కొలతల చరిత్ర

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- దూరాన్ని కొలిచే పద్ధతులు కాలక్రమంలో ఎలా మారాయో వివరించగలరు.
- సరళరేఖా దూరం, రోడ్డు దూరం, నడక దూరం మధ్య తేడాను ఉదాహరణలతో చెప్పగలరు.
- డిజిటల్ పటంలో రెండు బిందువులను కలిపే గీత మీద అంకె ఎలా వస్తుందో లెక్క వేసి చూపగలరు.
- ఆ అంకె అటవీ ప్రాంత ప్రజల హక్కులతో ఎలా ముడిపడి ఉందో చర్చించగలరు.

1. పరిచయం

మొదటిసారి రైలులో భద్రాచలం వెళ్ళే యాత్రికుడు 'భద్రాచలం రోడ్' అనే స్టేషన్‌లో దిగుతాడు. బయటికి వచ్చి గుడి ఎటు అని అడిగితే బస్సు ఎక్కమంటారు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడి నుంచి భద్రాచలం సుమారు 40 కిలోమీటర్లు, మధ్యలో అడవి, చివరన గోదావరి. స్టేషన్ పేరులో అబద్ధం లేదు. భద్రాచలం వెళ్ళే రోడ్డు అక్కడే మొదలవుతుందని మాత్రమే ఆ పేరు చెబుతుంది. దూరం ఎంతో చెప్పదు.

పటం మీద గీసిన గీత, దాని మీద రాసిన అంకె కూడా ఇలాంటివే. నేడు సెల్‌ఫోన్‌లో రెండు చోట్ల వేలు పెడితే వాటి మధ్య గీత వస్తుంది, గీత నడుమ ఇన్ని కిలోమీటర్లు అని అంకె పడుతుంది. ఆ అంకె ఏ దూరాన్ని చెబుతోంది? పక్షి ఎగిరే దూరమా, బస్సు తిరిగే దూరమా, మనిషి నడిచే దూరమా? దానిని ఎవరు, ఎవరి అవసరం కోసం కొలిచారు? చరిత్ర విద్యార్థి శాసనాన్ని చదివేటప్పుడు వేసే ప్రశ్నలే పటాన్ని చదివేటప్పుడు కూడా వేయాలి. ఖమ్మం - భద్రాచలం అటవీ ప్రాంతాన్ని ఆధారంగా తీసుకుని ఈ భాగంలో ఆ ప్రశ్నలను పరిశీలిద్దాం.

2. కొలబద్దకు ముందు దూరం

కిలోమీటరు రాకముందు తెలుగువారికి దూరం తెలియకపోలేదు. కోసు, ఆమడ అనే మాటలు వాడుకలో ఉండేవి. కోసు సుమారు రెండు మైళ్ళు, నాలుగు కోసులు ఒక ఆమడ. ఈ కొలత అన్ని చోట్లా ఒకేలా ఉండేది కాదు. ఒక సీమ కోసుకూ మరొక సీమ కోసుకూ తేడా ఉండేది. దగ్గరి దూరాలకు బారెడు, కూతవేటు అనేవారు. దూర ప్రయాణాన్ని పూట నడక, రోజు నడక అని లెక్కించేవారు.

ఈ మాటలను జాగ్రత్తగా గమనించండి. 'పూట నడక' అన్నప్పుడు అందులో దారి ఎత్తుపల్లాలు, వాగులు, ఎండ, మోసే బరువు అన్నీ కలిసే ఉంటాయి. మైదానంలో పూట నడకకూ గుట్టల్లో పూట నడకకూ పొడవు వేరు, శ్రమ ఒకటే. అంటే అది నేల పొడవును చెప్పే కొలత కాదు, మనిషి పడే శ్రమను చెప్పే కొలత. అడవిలో బతికే కోయలకు, కొండరెడ్లకు ఇలాంటి కొలతే పనికివచ్చేది.

హద్దులకు కూడా ఇదే పద్ధతి. తూర్పు చాళుక్యుల కాలపు రాగి శాసనాల్లో దానమిచ్చిన భూమి ఎల్లలను చెట్టు, పుట్ట, చెరువు, వాగు వంటి గుర్తులతో చెప్పేవారు. ఆ గుర్తులు చూపగలిగినవారు ఊళ్ళో ఉన్నంత కాలం ఆ హద్దు నిలిచేది. ఈ పద్ధతిలో బలమూ ఉంది, బలహీనతా ఉంది. ఊరివారు ఎవరైనా హద్దును సరిచూడగలరు. దూరాన కచేరీలో కూర్చున్న అధికారి మాత్రం సరిచూడలేడు.

3. చక్రంతో కొలత, త్రిభుజంతో కొలత

పద్దెనిమిదో శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీకి దూరాన కూర్చుని చూడగలిగే పటాలు అవసరమయ్యాయి. సైన్యాన్ని నడిపించడానికి, శిస్తు అంచనా వేయడానికి దారుల పొడవు తెలియాలి. బెంగాల్‌లో 1767లో సర్వే ఆఫ్ ఇండియా మొదలైంది. దక్కన్‌లో నిజాం రాజ్యపు సర్వేతో కాలిన్ మెకంజీ పేరు తెచ్చుకున్నాడు. ఆయన 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. స్థానిక చరిత్రలను సేకరించడంలో ఆయనకు తోడ్పడిన కావలి సోదరులు తెలుగువారు.

అప్పటి దారి సర్వేలో ముఖ్యమైన పరికరం కొలత చక్రం. పిడి పట్టుకుని చక్రాన్ని దారి వెంట తోసుకుంటూ పోతే అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్క పడుతుంది. చుట్టుకొలతను ఆ సంఖ్యతో గుణిస్తే దారి పొడవు వస్తుంది. ఇది నేటి రోడ్డు దూరానికి పూర్వరూపం. దారి వంకరలన్నీ ఇందులో కలుస్తాయి కాబట్టి రెండు ఊళ్ళ అసలు స్థానాలు పటంలో ఎక్కడ పడాలో దీనితో కచ్చితంగా తేలదు.

ఆ లోటును తీర్చడానికి విలియం లాంబ్టన్ త్రిభుజాల పద్ధతిని చేపట్టాడు. ఒక త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలనూ లెక్కతో కనుక్కోవచ్చు. 1802లో మద్రాసు వద్ద సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ళ ఆధార రేఖను 100 అడుగుల ఉక్కు గొలుసుతో నేల మీద కొలిచారు. ఎండకు గొలుసు సాగుతుంది కాబట్టి ఉష్ణోగ్రతను కూడా నమోదు చేసి లెక్కను సవరించారు. ఆ తరువాత కొండ మీది నుంచి కొండ మీదికి థియోడొలైట్ అనే పరికరంతో కోణాలు చూస్తూ త్రిభుజం పక్కన త్రిభుజాన్ని పేర్చుకుంటూ పోయారు. లాంబ్టన్ వాడిన పెద్ద థియోడొలైట్ బరువు సుమారు అర టన్ను. 1818లో ఈ పనికి గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే అనే పేరు వచ్చింది.

ఇక్కడ ఒక మార్పును గుర్తించాలి. ఆధార రేఖలను మాత్రమే నేల మీద కొలిచారు. మిగిలిన దూరాలు చూపుతో, లెక్కతో వచ్చినవి. రెండు కొండల మధ్య పదుల మైళ్ళ అడవి ఉన్నా ఎవరూ దానిని దాటి గొలుసు పరచనక్కరలేదు. మనిషి నడవని గీత మీద అంకె వేయడం అప్పుడే సాధ్యమైంది. నేటి డిజిటల్ పటం గీసే సరళరేఖకు మూలం ఇక్కడే ఉంది.

4. 1819: అడవిలో ఎవరెస్ట్

గీతను నడవనక్కరలేదు గాని కొండ ఎక్కక తప్పదు. లాంబ్టన్‌కు సహాయకుడిగా చేరిన జార్జ్ ఎవరెస్ట్‌ను 1819లో కృష్ణా, గోదావరి నదుల మధ్య, నిజాం రాజ్యపు తూర్పు భాగంలో సర్వేకు పంపారు. నేటి ఖమ్మం జిల్లా, దాని చుట్టుపక్కల అడవులు ఈ నదుల నడిమి ప్రాంతంలోనివే. సర్వే చరిత్రల్లో ఇది యల్లాపురం అడవులుగా కనిపిస్తుంది.

పని వానాకాలంలో సాగింది. వాన వెలిసిన తరువాత గాలిలో దుమ్ము ఉండదు. దూరాన కొండ మీద కట్టిన జెండా స్పష్టంగా కనబడుతుంది. కోణాలు చూడటానికి అదే మంచి కాలం. అడవిలో జ్వరాలకు కూడా అదే కాలం. ఎవరెస్ట్ తీవ్రంగా జబ్బుపడ్డాడు. ఆయన వెంట ఉన్న వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ కూడా జబ్బుపడ్డాడు. బృందంలో చాలామంది మంచాన పడ్డారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. కోలుకోవడానికి ఎవరెస్ట్ 1820లో గుడ్‌హోప్ అగ్రానికి వెళ్ళవలసి వచ్చింది. 1823లో లాంబ్టన్ మరణం తరువాత ఆయన ఈ సర్వేకు అధిపతి అయ్యాడు, 1830లో సర్వేయర్ జనరల్ అయ్యాడు. ప్రపంచంలోని ఎత్తైన శిఖరానికి తరువాత ఆయన పేరే పెట్టారు.

జెండాలు మోసినవారు, చూపుకు అడ్డమైన చెట్లు నరికినవారు, జ్వరంతో చనిపోయిన కూలీలు పటం మీద కనిపించరు. త్రిభుజపు భుజం పక్కన ఒక అంకె మాత్రమే మిగులుతుంది. కొండ కొన సర్వే స్టేషన్‌గా పటానికి ఎక్కింది. కొండ కింది గూడేలను వివరంగా నింపడం ఆ తరువాతి సర్వేల పని. మొదట కొలిచింది సామ్రాజ్యానికి అవసరమైన అస్థిపంజరాన్ని. పటంలో ఏది ముందు వచ్చింది, ఏది తరువాత వచ్చింది అన్నది కూడా చారిత్రక ఆధారమే.

5. నది, రైలు, రోడ్డు: మారిన దూరాలు

గోదావరికి కుడి ఒడ్డున బూర్గంపాడు, సారపాక. ఎడమ ఒడ్డున భద్రాచలం. పటం మీద గీత గీస్తే దూరం చాలా తక్కువ. పరిపాలనలో మాత్రం ఈ రెండు ఒడ్లూ దాదాపు నూరేళ్ళు వేర్వేరు రాజ్యాల్లో ఉన్నాయి. 1860లో నిజాం భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలను బ్రిటిష్ వారికి అప్పగించాడు. మొదట అవి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిశాయి. కుడి ఒడ్డు నిజాం రాజ్యంలోనే ఉండిపోయింది.

పై గోదావరిని పడవల దారిగా మార్చే ప్రయత్నం పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో జరిగింది. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. ఖర్చు పెరగడంతో 1871లో ఆ పథకాన్ని ఆపేశారు. ఇల్లందు ప్రాంతంలో బొగ్గు బయటపడిన తరువాత రైలు మార్గం వచ్చింది. రైలు బొగ్గు కోసం వచ్చింది కాబట్టి గనుల దగ్గర ఆగింది, గుడి దగ్గరికి రాలేదు. పరిచయంలో చెప్పుకున్న 'భద్రాచలం రోడ్' స్టేషన్ పేరుకు నేపథ్యం ఇదే.

1953 అక్టోబర్ 1న వరంగల్ నుంచి విడదీసి ఖమ్మం జిల్లాను ఏర్పాటు చేశారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత, 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. 1965లో గోదావరి మీద వంతెన ప్రారంభమైంది. తెడ్డు పడవ కోసం ఒడ్డున కాచుకోవలసిన దూరం నిమిషాల దూరమైంది. నదీ మారలేదు, ఊళ్ళూ కదలలేదు, పటం మీద గీత పొడవూ మారలేదు. అయినా దూరం మారింది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత మైళ్ళ రాళ్ళ స్థానంలో దశలవారీగా కిలోమీటరు రాళ్ళు వచ్చాయి.

ఆ దూరం మళ్ళీ పెరిగే రోజులూ ఉన్నాయి. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2022లో వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఆ రోజుల్లో పటం చూపే రెండు మూడు కిలోమీటర్లకు అర్థమే లేదు.

6. డిజిటల్ పటం దూరాన్ని ఎలా లెక్కిస్తుంది

2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం పౌరులు వాడే జి.పి.ఎస్. సంకేతాల్లో కావాలని కలుపుతున్న దోషాన్ని తొలగించింది. 2004లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, 2005లో గూగుల్ మ్యాప్స్, 2009లో ఇస్రో వారి భువన్ వచ్చాయి. దీనితో గొలుసు, చక్రం, థియోడొలైట్ చేసిన పని సామాన్యుడి చేతిలోకి వచ్చింది.

డిజిటల్ పటంలో ప్రతి బిందువుకూ అక్షాంశం, రేఖాంశం అనే రెండు సంఖ్యలు ఉంటాయి. వాటి నుంచి దూరం ఎలా వస్తుందో ఒక లెక్క చేద్దాం.

ఖమ్మం: ఉత్తర అక్షాంశం 17.25, తూర్పు రేఖాంశం 80.15 డిగ్రీలు (సుమారుగా).
భద్రాచలం: ఉత్తర అక్షాంశం 17.67, తూర్పు రేఖాంశం 80.89 డిగ్రీలు (సుమారుగా).

మొదటి మెట్టు: అక్షాంశాల తేడా 0.42 డిగ్రీలు. ఇక్కడ ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 110.7 కి.మీ. కాబట్టి ఉత్తర దక్షిణ దూరం 46.5 కి.మీ.

రెండో మెట్టు: రేఖాంశాల తేడా 0.74 డిగ్రీలు. ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. ఈ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం సుమారు 106.2 కి.మీ. కాబట్టి తూర్పు పడమర దూరం 78.6 కి.మీ.

మూడో మెట్టు: ఈ రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీస్తే సుమారు 91 కి.మీ. వస్తుంది. ఇది సరళరేఖా దూరం.

కొత్తగూడెం మీదుగా బస్సులో వెళితే సుమారు 120 కి.మీ. తెర మీది చదునైన పటం పొడవును నేరుగా తీసుకుంటే మరొక అంకె వస్తుంది. చాలా వెబ్ పటాలు వాడే మెర్కేటర్ పద్ధతి భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ దూరాలను సాగదీస్తుంది. మన అక్షాంశం దగ్గర ఆ సాగు దాదాపు 5 శాతం. దానిని సవరించకుండా రాస్తే 91కి బదులు 96 కి.మీ. అని పడుతుంది. ఎండకు సాగిన గొలుసును లాంబ్టన్ సవరించినట్టే, పటం సాగును నేటి ప్రోగ్రామర్ సవరించాలి.

ఇలా ఒకే జత ఊళ్ళకు 91, 96, 120 అనే మూడు అంకెలు వచ్చాయి. మొదటిదీ మూడోదీ సరైనవే, ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రశ్నకు జవాబు. రెండోది మాత్రం తప్పు. అంకె ఒక్కటే చూస్తే ఏది ఏదో తెలియదు. అందువల్ల గీత మీద అంకె రాసేటప్పుడు నాలుగు నియమాలు పాటించాలి:
- అది ఏ రకం దూరమో అంకె పక్కనే చెప్పాలి.
- కొలత ప్రమాణం రాయాలి.
- ఉన్న కచ్చితత్వానికి మించి దశాంశాలు రాయకూడదు. ఊరే రెండు మూడు కిలోమీటర్లు పరుచుకుని ఉన్నప్పుడు 91.347 అని రాయడం అర్థం లేని పని.
- అంకెను గీత నడిమి బిందువు దగ్గర, తలకిందులు కాకుండా, వాగునో గూడెం పేరునో కప్పేయకుండా ఉంచాలి.

7. అంకె వెనుక హక్కులు

ఈ తేడా ఎంత ముఖ్యమైనదో మూడు సందర్భాల్లో చూద్దాం.

మొదటిది బడి. విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన కేంద్ర నియమాల ప్రకారం ఐదో తరగతి వరకు ఒక కిలోమీటరు, ఎనిమిదో తరగతి వరకు మూడు కిలోమీటర్ల నడక దూరంలో బడి ఉండాలి. నియమంలో ఉన్న మాట 'నడక దూరం'. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. గూడెం నుంచి బడికి సరళరేఖలో 900 మీటర్లు. మధ్యలో వాగు ఉంది. దాటే చోటు పైన ఉండటంతో కాలిబాట రెండున్నర కిలోమీటర్లు. సరళరేఖ అంకె పెట్టిన పటం చూసిన అధికారికి ఈ గూడేనికి బడి అందుబాటులో ఉన్నట్టే కనిపిస్తుంది. ఆరేళ్ళ పిల్లకు మాత్రం అందదు. కాన్పు నొప్పులతో ఉన్న స్త్రీని జెట్టీ కట్టి భుజాల మీద మోసుకువచ్చే గూడేలకు ఆసుపత్రి దూరం విషయంలోనూ ఇదే జరుగుతుంది.

రెండోది పోడు భూమి. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమి మీద ఆదివాసీలకు నాలుగు హెక్టార్ల వరకు హక్కు గుర్తిస్తుంది. హక్కును నిర్ణయించే ప్రక్రియను మొదలుపెట్టే అధికారం గ్రామసభది. చెలక చుట్టూ జి.పి.ఎస్. పట్టుకుని నడిచి హద్దులు నమోదు చేస్తారు. దట్టమైన చెట్ల కింద సంకేతం చెదిరితే బిందువు కొన్ని మీటర్లు పక్కకు పడవచ్చు. చిన్న కమతంలో ఆ మీటర్లకే గుంటలు పోతాయి. 2012 సవరణ నియమాల ప్రకారం ఉపగ్రహ చిత్రాల వంటి సాంకేతికత ఇతర సాక్ష్యాలకు తోడుగా ఉండాలే గాని వాటి స్థానాన్ని తీసుకోకూడదు. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాల మీద హక్కు ఇచ్చే కార్యక్రమం అది. పట్టా పటంలో ప్రతి పక్కకూ పొడవు మీటర్లలో రాసి ఉంటే రైతు తాడుతోనో అడుగులతోనో స్వయంగా సరిచూసుకోగలడు. మొత్తం విస్తీర్ణం ఒక్కటే రాస్తే ఆ వీలు ఉండదు. చెట్టు, పుట్ట గుర్తులతో ఊరివారికి ఉన్న సరిచూసే అధికారాన్ని గీత మీది అంకె కొంతవరకు తిరిగి ఇవ్వగలదు.

మూడోది పరిపాలన. 2014లో పోలవరం ముంపు కారణంగా ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయింది. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా, దానిని ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వైపు వెళ్ళే రోడ్డు మధ్యలో మరో రాష్ట్రాన్ని దాటుతుంది. 2016లో భద్రాచలం కొత్తగా ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఎటపాక వారికి మొదట కాకినాడ జిల్లా కేంద్రమైంది. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు పాడేరు జిల్లా కేంద్రమైంది. పక్కనే ఉన్న పట్టణం మరో రాష్ట్రం, తమ కలెక్టరు కార్యాలయం అప్పుడు చాలా దూరాన తూర్పు కనుమల్లో ఉండేది. ఊరు ఉన్నచోటే ఉంది, ప్రభుత్వం దూరం జరిగింది.

8. సారాంశం

ఒకప్పుడు ఈ ప్రాంతంలో దూరం అంటే నడిచే మనిషి శ్రమ. కొలత చక్రం దానిని దారి పొడవుగా మార్చింది, త్రిభుజాల సర్వే సరళరేఖగా మార్చింది. 1819లో ఎవరెస్ట్ బృందం జ్వరాలతో చెల్లించిన మూల్యం ఆ మార్పులో భాగం. వంతెన, రైలు, వరద, రాష్ట్ర సరిహద్దు ఒక్కొక్కటి గీత పొడవును మార్చకుండానే దూరాన్ని మార్చాయి. డిజిటల్ పటం ఈ పాత కొలతలన్నింటినీ ఒకే తెర మీదికి తెచ్చింది. ఏ కొలతతో వచ్చిన అంకెనో చెప్పని పటాన్ని బడి, ఆసుపత్రి, భూమి వంటి నిర్ణయాలకు ఆధారంగా తీసుకోకూడదు.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) సంక్షిప్త ప్రశ్నలు (పది పంక్తుల్లో)
1. 'పూట నడక' అనే కొలతకూ కిలోమీటరుకూ గల తేడాను వివరించండి.
2. 'భద్రాచలం రోడ్' స్టేషన్ పేరు దూరాల చరిత్ర గురించి ఏమి చెబుతుంది?
3. మెర్కేటర్ పటంలో దూరాన్ని ఎందుకు సవరించాలి?

ఆ) వ్యాసరూప ప్రశ్నలు (ముప్పై పంక్తుల్లో)
1. త్రిభుజాల సర్వే పద్ధతిని వివరించి, 1819 నాటి కృష్ణా - గోదావరి మధ్య సర్వే ప్రాముఖ్యాన్ని చర్చించండి.
2. 1860 నుంచి 2022 వరకు భద్రాచలం ప్రాంతంలో జరిగిన పరిపాలనా మార్పులు ప్రజలకు దూరాలను ఎలా మార్చాయి?

ఇ) అభ్యాసం
మీ ఇంటి నుంచి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి సరళరేఖా దూరం, రోడ్డు దూరం, వానాకాలంలో వాస్తవంగా వెళ్ళే దారి దూరం కనుక్కోండి. ఒక పటం గీసి మూడు గీతలూ వేసి, ప్రతి గీత మీద అంకెతో పాటు అది ఏ రకం దూరమో రాయండి. ఇంట్లో పెద్దవారిని అడిగి, వంతెన లేదా రోడ్డు రాకముందు ఆ ప్రయాణానికి ఎంత సేపు పట్టేదో పటం కింద నమోదు చేయండి.